తెడ్డెత్తని మనిషి

ఓటా రెండు చేతులా తెడ్డు తలపైకెత్తి "అహోయ్" అని కేకేశాడు.

ఒడ్డున కనూ పడవను నీళ్లలోకి దించుతున్న మనిషి తెడ్డెత్తలేదు. తల మాత్రం ఊపాడు.

చెక్ దేశంలోని ఈ సాజవా నది మీద ఎవరికెవరు ఎదురైనా తెడ్డు తలపైకెత్తి పలకరిస్తారు. ముఖపరిచయం అక్కర్లేదు. ఎత్తనివాడు మొహం మీద తలుపు వేసినట్టే లెక్క.

"దొరగారికి తెడ్డు బరువైంది," అన్నాడు ఓటా. పడవల క్లబ్బంతా నవ్వింది.

యార్మిలా నవ్వలేదు. ఆమె కళ్లు కూతురి కయాక్ పడవ మీద ఉన్నాయి.

క్లబ్బును నడిపేది యార్మిలాయే. కిందటి వసంతంలో ఆమె కూతురు హెడ్వికా మిల్లు ఆనకట్ట దిగువన సుడిలో పడింది. అందరికన్నా వెనక వస్తున్న పడవ అది. ముందున్నవాళ్లు మలుపు తిరిగిపోయారు. పిల్ల రాలేదని వెనక్కి పరిగెత్తుకొచ్చేసరికి గులకరాళ్ల తిన్నె మీద పడి ఉంది. తెలివి లేదు. ఊపిరి ఉంది.

ఏం జరిగిందో పిల్లకు గుర్తు లేదు. నదే తిప్పి ఇచ్చేసిందని అందరూ అనుకున్నారు.

ఏటా వసంతంలో పడవల కాలం మొదలుపెడుతూ నదికి తాళం తీస్తారు. ఈసారి చెక్క తాళంచెవిని నీళ్లలో ముంచాక, మొదటి గ్లాసు రమ్ము యార్మిలా నదిలో పోసింది.

ఏడాది తర్వాత హెడ్వికా మళ్లీ పడవెక్కింది. వారం వారం ఒక్కో మజిలీ. ఆఖరి మజిలీ మిల్లు ఆనకట్ట. అది దాటితే పిల్ల భయం వదులుతుంది. దాటలేకపోతే ఇక తెడ్డు ముట్టదు. ఆ సంగతి తల్లికి తెలుసు, పిల్లకూ తెలుసు.

తెడ్డెత్తని మనిషి ప్రతి ఆదివారమూ వచ్చాడు.

క్లబ్బు పడవలు దిగిన చోటే తన కనూ దించేవాడు. ఒంటరిగా, అందరికన్నా వెనక. తెడ్డు ఎప్పుడూ కుడివైపే, చెయ్యి నడుము దాటకుండా వేసేవాడు. కనూ వంకర్లు పోతూ వచ్చేది.

"మన తోక వస్తోందా?" అని ఓటా మలుపు మలుపుకీ అడిగేవాడు.

యార్మిలా ఇంకోటి గమనించింది. హెడ్వికా నెమ్మదిస్తే ఆ మనిషీ నెమ్మదిస్తున్నాడు. హెడ్వికా ఒడ్డుకు చేరితే ఆయనా కాస్త ఎడంగా ఒడ్డుకు చేరుతున్నాడు.

"అమ్మా, ఆయన నన్నే చూస్తున్నాడు," అంది హెడ్వికా.

"ఏమైనా అన్నాడా?"

"ఏమీ అనడు. అదే భయంగా ఉంది."

ఆఖరి మజిలీ నాటి ఉదయం యార్మిలా నేరుగా ఆయన దగ్గరికి వెళ్లింది. ఏ క్లబ్బు అని అడిగింది. ఏదీ కాదన్నాడు. మరి మా వెనకెందుకంది.

ఆయన కనూ అంచు తుడవడం ఆపాడు. "ఇవాళ మిల్లు ఆనకట్ట దాకా రానివ్వండి. మీ అమ్మాయి దాటాక మళ్లీ కనబడను."

"మా అమ్మాయితో మీకేం పని?"

ఆయన మళ్లీ కనూ అంచు తుడవసాగాడు.

"మిమ్మల్ని చూస్తే దానికి భయం. ఇవాళ ఆ భయం ఉండకూడదు. వెళ్లిపోండి. అహోయ్ అంటే తెడ్డెత్తడం చేతకాని మనిషి మా వెనక రానక్కర్లేదు."

ఆయన హెడ్వికా వైపు ఒకసారి చూశాడు.

"ఆ లైఫ్ జాకెట్టు భుజాల దగ్గర వదులుగా ఉంది. పట్టుకుంటే జారిపోతుంది. బిగించండి," అన్నాడు.

కనూను ఎడమ చేత్తో గడ్డి మీద ఈడ్చుకుంటూ కారు దాకా పోయాడు. దాన్ని పైకెక్కించడానికి దారిన పోయే ఇద్దరిని పిలిచాడు.

"చూశావా, మోయడానికీ ఒళ్లొంగదు," అన్నాడు ఓటా.

యార్మిలా కోపంగానే జాకెట్టు పట్టీలు బిగించింది.

మధ్యాహ్నానికి ఆనకట్ట చేరారు. హెడ్వికా కయాక్ ఆనకట్ట అంచు మీద ఒక్క క్షణం ఆగి కిందికి జారింది. నురుగులో మునిగింది. అవతల తేలింది. పిల్ల తెడ్డు తలపైకెత్తి అరిచింది. పడవలన్నీ తెడ్లెత్తాయి.

యార్మిలా ఒడ్డున మిలుషే నడిపే తిండి కొట్టుకు వెళ్లి రమ్ము అడిగింది. కిందటేడు పిల్లతో అంబులెన్సు ఎక్కాక ఆమె ఈ ఒడ్డుకు రావడం ఇదే మొదటిసారి.

కొట్టు పక్కన ఒక కనూ బోర్లించి ఉంది. యార్మిలా గుర్తుపట్టింది.

"ఇదిక్కడికెలా వచ్చింది?"

"పొద్దున కార్లో తెచ్చి దించిపోయాడు. ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాడు, ఈ భుజంతో ఇక నీళ్ల మీదికి రాడట," అంది మిలుషే, సాసేజీలు తిరగేస్తూ. "ఉండి పిల్ల దాటడం చూసి పొమ్మన్నాను. తనను చూస్తే పిల్ల బెదురుతుందన్నాడు. పేరడిగితే నవ్వి ఊరుకున్నాడు. నీకు తెలిసే ఉంటుందిగా?"

"నాకెలా తెలుస్తుంది? ఎవరో ఏమో, మా వెనక పడ్డాడు. నేనే పంపేశాను."

మిలుషే చెయ్యి ఆగింది.

యార్మిలా గ్లాసు తీసుకుని నీళ్ల దగ్గరికి నడిచి, వంగి, ఒంపబోయింది.

"అది నదిలో పోస్తున్నావెందుకు?" అంది మిలుషే వెనక నుంచి.

"పిల్లను తిరిగిచ్చింది కదా."

మిలుషే చేతిలోని పట్టకారు కింద పెట్టింది.

"నది ఇవ్వలేదమ్మాయ్," అంది. "కిందటేడు ఆయనే పిల్లను నది నోట్లోంచి లాక్కుని, అంబులెన్సు కోసం నా కొట్టుకు పరిగెత్తుకొచ్చాడు, ఊడిన ఆ భుజానికి నా ఏప్రన్ చింపి కట్టింది నేనే."