బల్ల మీది ఊరు

"ఎవరు చేశారో ఇప్పుడే, ఇక్కడే తేలాలి. వాళ్ల అంతు చూడకుండా ఈ గది దాటితే ఒట్టు!"

కాంట్రాక్టరు అరుపుకి మూడో తరగతి పిల్లలు బెంచీలకి అతుక్కుపోయారు. ఆయన ముందున్న బల్ల మీద ఆయన కూతురి ప్రాజెక్టు నుజ్జునుజ్జయి పడుంది. అట్టలతో కట్టిన ఊరు అది. వంతెన రెండు ముక్కలైంది. నీళ్ల ట్యాంకు చెరువులో బోర్లాపడింది. మట్టితో చేసిన కొండనైతే ఎవరో అరచేత్తో కసిదీరా అదిమేశారు. భోజనాల బెల్లు కొట్టేదాకా నిక్షేపంలా ఉన్న ఊరు, పిల్లలు తిని వచ్చేసరికి ఇలా అయింది. ఇంకాసేపట్లో విద్యాధికారి ప్రదర్శన చూడ్డానికి వస్తాడు. మొదటి బహుమతి దీనికేనని పొద్దుటి నుంచీ అందరూ అనుకుంటున్నారాయె!

"భోజనాల వేళ ఈ గదిలోకి వచ్చేదెవరు?" అన్నాడు కాంట్రాక్టరు.

"ఊడవడానికి ఆయా వస్తుందండీ," నసిగాడు హెడ్మాస్టరు.

"ఇంకేం మరి! ఈ పూటే దాన్ని పనిలోంచి తీసేయండి."

గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడ్డ ఆయా గొల్లుమంది. "నా పిల్లల మీద ఒట్టు బాబూ, నేను దాని జోలికే పోలేదు. ఈ పని పోతే మేం ఏం తిని బతకాలి?"

"అది నా ఊరి మీద... మా అమ్మాయి ఊరి మీద చెయ్యి వేసే ముందు ఆలోచించాల్సింది."

హెడ్మాస్టరు అప్పుడే జేబులోంచి కలం తీశాడు. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లదే న్యాయం ఆ మహానుభావుడికి.

"కాస్త ఆగండి సార్," అడ్డొచ్చింది టీచరు. "ఈ నెలంతా మా పిల్లలు నేర్చుకున్నదే ఈ ఊరు. లెక్కల్లో రోడ్లు కొలిచారు. సైన్సులో మురుగునీళ్లు ఎటు పోవాలో చూశారు. సాంఘికంలో ఊళ్లో ఎవరి పని ఏమిటో తెలుసుకున్నారు. బోర్డుల మీద పేర్లు రాశారు, రంగులేశారు. ఇంటి దగ్గర ఎవరి ఊరు వాళ్లే కట్టుకు రమ్మన్నాను. దీన్ని పాడుచేసిందెవరో కూడా వాళ్లనే తేల్చనివ్వండి."

"ఈ బుడతలా తేల్చేది?"

"చూడండి మరి."

కాంట్రాక్టరు కిటికీ దగ్గరున్న కూతురి తల నిమిరాడు. "బెంగపెట్టుకోకు బంగారం. ఎవరో తెలియనీ, నీ కసి తీరేలా చేస్తాను." ఆ పిల్ల ఉలకలేదు, పలకలేదు. పాపం, దిగులుతో మాట పడిపోయిందనుకున్నాడు.

క్లాసులో అందరికంటే చురుకైన పిల్ల, అందరూ కందిరీగ అని పిలిచేది, స్కేలు పట్టుకుని బల్ల దగ్గరికి దూకింది. "టీచర్, మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. అందుకే చెయ్యి అచ్చు పడింది, చూడండి! అయిదు వేళ్లూ ఉన్నాయి." వేలు వేలూ కొలిచింది. తర్వాత గుమ్మం వైపు తిరిగింది. "ఆయా, నువ్వు రా. దీని మీద చెయ్యి పెట్టు."

ఆయా చీపురు పక్కన పెట్టి వచ్చి చెయ్యి ఆనించింది. ఆ అచ్చు ఆమె అరచేతి కింద ఎక్కడుందో కూడా కనబడకుండా పోయింది.

"పెద్దవాళ్ల చెయ్యి కాదు టీచర్! మాలాంటి వాళ్లదే!"

ఆయా గోడకి చేరగిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. కాంట్రాక్టరు మాత్రం ఇంకా రెచ్చిపోయాడు.

"అయితే మరీ మంచిది! ఆ పిల్లో పిల్లాడో ఎవరైనా సరే, ఇవాళే టీసీ చేతిలో పెట్టి పంపించండి. అమ్మానాన్నల్ని కూడా పిలిపించండి. నలుగురిలో తలదించుకోవాలి వాళ్లు! పిల్లల్ని ఎలా పెంచాలో నేను నేర్పిస్తా. ఆ వంతెన స్తంభాలు చెక్కీ చెక్కీ నా వేళ్లు బొబ్బలెక్కాయండీ!"

"మీ వేళ్లా?" అంది టీచరు.

"అంటే... పక్కన కూర్చున్నాను. చిన్నపిల్ల కదా, కత్తెర తగిలితేనో?"

"అలాగా," అందామె.

పిల్లలు వరసకట్టారు. ఒకడి చెయ్యి అచ్చు దాటిపోయింది. బతికాన్రా దేవుడా అనుకుంటూ గంతేసి వెళ్లిపోయాడు. ఇంకొకడి వేళ్లు మరీ పొట్టి. ఒక పిల్లయితే చెయ్యి పెట్టకముందే భోరుమంది, తీరా చూస్తే ఆమెదీ కాదు. ఎవరు ముందుకొచ్చినా కాంట్రాక్టరు వాళ్లని మింగేసేలా చూస్తున్నాడు. వరస తరిగిపోయింది గానీ దొంగ దొరకలేదు.

"అందరూ అయిపోయారా?" పళ్లు కొరికాడాయన.

"ఇంకొకరున్నారు," అని కందిరీగ కిటికీ వైపు చూసింది.

"మా అమ్మాయా?" కాంట్రాక్టరు పకపకా నవ్వాడు. "నీకేమన్నా పిచ్చా? తమ ఊరిని తామే పాడుచేసుకుంటారా ఎవరైనా!"

కూతురు బల్ల దగ్గరికి వచ్చింది. గౌను చెయ్యి పైకి లాక్కుని మట్టిలో అరచెయ్యి పెట్టింది. వేలికి వేలు సరిపోయింది. కాంట్రాక్టరు వంగి ఆ చేతిని మళ్లీ మళ్లీ చూశాడు.

ఆ పిల్ల చేతికంటిన మట్టిని గౌనుకి తుడుచుకుని, తండ్రి కళ్లలోకి సూటిగా చూసింది.

"ఇది నీ ఊరు నాన్నా. నా ఊరు వంకరగా ఉందని నువ్వు చెత్తబుట్టలో పడేశావుగా!"