వేరే నంబరు

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు: మామయ్య, అత్తయ్య, సెలవులకు వచ్చిన మేనకోడలు, పాత టెలిఫోన్లు బాగుచేసే తాత.

గది నిండా చెక్కపెట్టెలే. ఎప్పుడో యుద్ధంలో జపాను సైనికులు భుజాన మోసిన టెలిఫోన్లు. వాటిని సేకరించడమంటే మామయ్యకు ప్రాణం.

“పెళ్ళాం పిలిస్తే పలకరు గానీ, ఈ పెట్టెలంటే చెవి కోసుకుంటారు” అంది అత్తయ్య.

తాత నవ్వి హ్యాండిల్ తిప్పాడు. పక్క గదిలో పెట్టె గణగణమంది. మేనకోడలు పరుగెత్తి రిసీవర్ ఎత్తింది.

“వినపడుతోందా తల్లీ?”

“వినపడుతోంది తాతా!”

పది రోజుల్లో పలికిన ఆరో పెట్టె అది.

మామయ్య ఆ రిసీవర్ మర విప్పాడు. లోపల మాట పట్టే బిళ్ళను వెలుతురులో తిప్పి చూశాడు.

“దీని మీద వేరే నంబరుందేం? పెట్టె మీదా బిళ్ళ మీదా ఒకటే ఉండాలి. అసలుదేది?”

“అది పాడైపోయింది బాబూ. ఇది...”

“నువ్వాగు!” మామయ్య మేనకోడలి వైపు తిరిగాడు. “బాగుచేస్తుంటే పక్కనే కూర్చున్నావుగా. జేబులో ఏమైనా వేసుకున్నాడా?”

ఆమె అవునన్నట్టు తలూపింది.

తాత జేబులోంచి పాత బిళ్ళ బయటపడింది.

“ఇంటి దగ్గర బాగుచేసి తెద్దామని...”

“దొరికాక అందరిదీ ఇదే పాట. అసలుది కొట్టేసి నాకు తుక్కు అంటగడతావా?”

తాత ఆమె వైపు చూశాడు.

“ముందు నా సంచిలోంచి గుడ్డమూట తీసి, అందులోని నా బిళ్ళ బిగించాను కదూ? అదీ చెప్పు తల్లీ.”

ఆమె చూసింది. గుడ్డ అంచుతో బిళ్ళను తుడవడం కూడా చూసింది.

మామయ్య కళ్ళు ఎర్రబడ్డాయి. ఆమె అత్తయ్య వెనక్కి నక్కింది.

“పది రోజులు నా పక్కనే కూర్చున్నావమ్మా” అన్నాడు తాత. సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆమె ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. దారి పొడవునా ఒకే మాట వల్లె వేసుకుంది.

తలుపు సగం తెరుచుకుంది.

“నేను చూశాను తాతా. మామయ్యకు ఇప్పుడే చెప్తాను.”

“అడిగినప్పుడు చెప్పాల్సిన మాట తల్లీ అది.”

ఆయన వెనక బల్ల మీద అలాంటిదే ఒక పెట్టె, ఆ ఇంట్లో ఉన్నదల్లా అదొక్కటే, మూత తీసి ఉంది. లోపల గంట లేదు, తీగ లేదు, బిళ్ళ లేదు, ఊడదీసిన మరల బెజ్జాలు మాత్రం ఉన్నాయి. ఆమె చూస్తుండగానే తాత తలుపు వేసేశాడు.