మడిలో పెరిగిన దీపం

ఇంటింటా దీపపు స్ఫటికాన్ని పెరుగులా తోడువేసి పెంచుకునే రోజులవి. పోయిన తల్లి దీపంలో మిగిలిన ఆఖరి తునకను అలివేలమ్మ మడికట్టుకుని, ఏడుసార్లు వడగట్టిన ద్రావణంలో వేసింది. తొమ్మిది రోజులు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. స్ఫటికం తళతళలాడుతూ పెరిగింది కానీ వెలగలేదు.

“మా అమ్మ వెలుతురు నా చేతిలో ఆరిపోయిందే, చిన్మయీ!”

ఇంజనీరింగు చదివే మనవరాలు కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తోంది. “మరీ శుద్ధంగా ఉంటే వెలగదు అమ్మమ్మా. పిసరంత మలినం కలవాలి.”

అలివేలమ్మ ఇంకా కడగని మనవరాలి చేతిని తనే పట్టుకుని ద్రావణంలో ముంచింది.

పదోనాడు గదినిండా పసుప్పచ్చని వెన్నెల పరుచుకుంది. అలివేలమ్మ మడిచీరతోనే మనవరాలిని ఒళ్ళోకి లాక్కుంది.