లోపలి గడియ

"ఈ తలుపుల గడియలు పీకింది నువ్వేనా?"

"నేనేనమ్మా. ఎందుకంటే..."

"ఎందుకంటే అనే కాలమ్ ఈ ఫారంలో లేదు. అవునా, కాదా?"

బస్టాండు మరుగుదొడ్ల ముందు స్టూలు మీద కూర్చున్న ముసలాయన "అవును" అన్నాడు.

ఆమె టిక్కు పెట్టింది. కాగితం చిరిగేంత గట్టిగా పెట్టింది.

మత్తుమందు పట్టణాన్ని మహమ్మారిలా కమ్ముకుంటుంటే మునిసిపాలిటీ ఏం చేస్తోందన్నది ఆమె పరిశోధన. ఇంటర్న్‌షిప్పుకు కాలేజీవాళ్ళు ఎక్కడికైనా పంపుతామంటే, పట్టుబట్టి సొంతూరి మునిసిపల్ ఆఫీసుకే వేయించుకుంది. చదువు మీద భక్తి అనుకున్నారంతా.

భక్తి కాదు, పగ.

ఆమె తమ్ముడు పోయినేడు ఈ మరుగుదొడ్లలోనే, ఆఖరి గదిలో, చేతికి సూది ఉండగానే పోయాడు. బతికున్నన్నాళ్ళూ "రేపట్నుంచి మానేస్తానక్కా" అనేవాడు. ఆ రేపు రాలేదు. వాణ్ణి లోపలికి రానిచ్చిన మనిషి మాత్రం రోజూ స్టూలెక్కి కూర్చుని జీతం తీసుకుంటున్నాడు. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు ముద్ద దిగేది కాదు.

తను ఫలానావాడి అక్కనని ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ముసలాయనకు అసలే చెప్పలేదు.

"ఎండన పడి వచ్చావు, కాసిని నీళ్ళు తాగు తల్లీ."

"అడిగినదానికి జవాబు చెప్పు చాలు. మత్తుకి అలవాటుపడ్డవాళ్ళు ఇక్కడికి వస్తారా?"

"వస్తారు."

"ఎవర్నైనా ఆపావా?"

"ఆపితే ఆ గోడ చాటుకి పోతారమ్మా. అక్కడైతే..."

"ఆపావా, లేదా?"

"ఆపలేదు."

మళ్ళీ టిక్కు.

మాట్లాడుతూనే అతను మధ్యమధ్యలో తలుపులవైపు తిరిగి "బాబూ, ఉన్నావా?" అని కేకేస్తున్నాడు. లోపలినుంచి ఎవరో విసుక్కున్నారు. కుడి భుజం కిందికి వేలాడేసుకుని అతను కూర్చున్న తీరు చూస్తే ఆమెకు ఒళ్ళు మండింది. తిండికి తిమ్మరాజు, పనికి పోతురాజు అనుకుంది. 'విధుల్లో నిర్లక్ష్యం, ప్రభుత్వ ఆస్తి ధ్వంసం, వ్యసనపరులకు సహకారం' అని రిపోర్టు రాసింది.

హెల్త్ ఆఫీసరు దాన్ని రెండుసార్లు చదివి మురిసిపోయాడు. చావులకి జవాబు చెప్పమని పైవాళ్ళు ప్రాణం తీస్తున్నారు. ఆయనకి కావలసింది ఒక మెడ, తాడు ఎవరు తెచ్చినా ఒకటే.

"కాగల కార్యం గంధర్వులే తీర్చారమ్మా" అన్నాడు.

ముసలాయన ఉద్యోగం ఊడింది. తలుపులన్నిటికీ లోపల కొత్త స్టీలు గడియలు వచ్చాయి.

వాటిని బిగిస్తున్న రోజు ఆమె పనిగట్టుకుని చూడ్డానికి వెళ్ళింది.

"నన్ను తీసేస్తే తీసేశారు, గడియలు మాత్రం పెట్టకయ్యా. నీకు పుణ్యముంటుంది" అని ముసలాయన మేస్త్రీని బతిమాలుతున్నాడు.

"నీ సలహా ఎవడడిగాడు, పోవయ్యా!"

ముసలాయన ఎడమచేత్తో స్టూలు ఎత్తుకుని, వెనక్కి చూసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆమె కడుపు చల్లబడింది. ఆ పూట చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది.

పరిశోధనకి ఇక మాట్లాడవలసింది అంబులెన్సు డ్రైవరుతోనే. ఆస్పత్రి వెనక బండి కడుక్కుంటున్నాడు.

"బస్టాండు మరుగుదొడ్ల నుంచి ఈ ఏడాది మీకు ఫోన్లు వచ్చాయా? అవునా, కాదా?"

"బోలెడు."

"వాళ్ళలో ఎంతమంది పోయారు?"

"ఒక్కరూ పోలేదు."

పెన్ను ఆగింది. పార్కులో పోయారు, కాలవగట్టున పోయారు, మార్కెట్టు వెనకా పోయారు. అవన్నీ తన చేత్తో రాసుకున్నవే.

"ఎందుకని?"

ఇంటర్న్‌షిప్పు మొత్తంలో ఆమె ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"లోపల గడియలుండవు కదమ్మా. తాత బయట్నుంచి పిలుస్తూనే ఉంటాడు. పలక్కపోతే తలుపు తోసుకెళ్ళి, మనిషిని పక్కకి తిప్పి, నాకు ఫోన్ కొడతాడు. నేను పోయేదాకా ఊపిరి అందేలా చూస్తాడు. అలాంటాయన్ని ఎవరో తీయించేశారంట. వాళ్ళ నోట్లో మన్నుపడ!"

ఆమె కాగితాలు మడిచేసింది.

డ్రైవరు గుడ్డ పిండుతూ తన ధోరణిలో చెప్పుకుపోయాడు. "ముందు ఉండేవిలే గడియలు. పోయినేడు ఓ కుర్రాడు ఆఖరి గదిలో గడియ పెట్టుకుని పడిపోయాడు. మేం తలుపు ఊడబీకేసరికి అయిపోయింది. ఆ సాయంత్రమే తాత గడియలన్నీ పీకి పారేశాడు, ఒంటిచేత్తో."

కొత్త గడియలు ఆమె కళ్ళముందు తళతళలాడాయి. ఈపాటికి ఎవరో ఒకరు లోపలికి వెళ్ళి గడియ పెట్టుకునే ఉంటారు.

"అన్నా, నీ దగ్గర స్క్రూడ్రైవరు ఉందా?"

"ఉంది. నీకెందుకమ్మా?"

జవాబు చెప్పకుండా చెయ్యి చాచింది. అతను సీటు కింద వెతికి తీసిచ్చాడు. నాలుగడుగులు పరిగెత్తినదల్లా ఆగి, వెనక్కి తిరిగింది.

"ఒంటిచేత్తో ఎందుకు పీకాడు?"

"రెండో చెయ్యి లేస్తేగా! మేం వెళ్ళేసరికే, ఆ కుర్రాడి తలుపుని గుద్దీ గుద్దీ భుజం విరగ్గొట్టుకున్నాడు."