సగం ఊడదీసిన రేకులు

వేలన్ ఇంటికప్పు మీది పాత రేకులు సరిగ్గా సగం ఊడదీశాక నిచ్చెన దిగి, ఇక పని చేయనన్నాడు.

"నాకో పిస్తోలు కొనిపెట్టు వెర్నా అత్తా. అప్పుడు కొత్తవి వేస్తాను."

వెర్నా తలెత్తి ఇంటివైపు చూసింది. వంటగది పైనంతా ఆకాశమే. కెంటకీ కొండల్లో ఏప్రిల్ వాన మొదలైతే వారం వదలదు. రేకులు మార్చినందుకు ప్రతిఫలంగా చనిపోయిన భర్త ఆర్విల్ ట్రక్కు ఇస్తానంది. ఇచ్చేసింది కూడా. కాగితాలు వేలన్ జేబులో ఉన్నాయి.

"నువ్వే కొనుక్కోవచ్చుగా?"

"నాకు అమ్మరు. పన్నెండేళ్ల కిందట ఒక కారు విషయంలో పొరపాటు జరిగింది."

"ఎవరి కారు?"

"అదే పొరపాటు."

వెర్నా నవ్వలేదు. "నీకోసం నా పేరు మీద కొంటే ఫెడరల్ నేరం, నాయనా. పదిహేనేళ్ల దాకా జైలు వేస్తారు. కొత్త చట్టం వచ్చాక పెంచారు, ముందు పదే ఉండేది. ఫెడరల్ జైల్లో పెరోలు కూడా లేదు. పదిహేనంటే దాదాపు పదిహేనూ ఉండాల్సిందే."

"ఇవన్నీ నీకెలా తెలుసు?"

"లైబ్రరీలో చదివాను. నాలుగేళ్లు రోజూ వెళ్లాను. నేనుండే గదికి నలభై అడుగుల దూరం."

వేలన్‌కి నవ్వొచ్చింది. తను కొత్తగా వచ్చిన ఆ లోయలో తుపాకీ లేని ఇల్లు ఈమెది ఒక్కటే. పక్కింటివాళ్లు జింకను కొట్టి మాంసం పంపితే, బదులుగా మొక్కజొన్న రొట్టె పంపుతుంది. ఆదివారం చర్చిలో పియానో వాయిస్తుంది. ఇలాంటి మనిషిని ఎవరు అనుమానిస్తారు?

"అసలు పిస్తోలెందుకు నీకు?"

"పాములకి."

"పాములకి పార చాలు. వరండాలో ఉంది, పట్టుకెళ్లు."

"పార కాదు అత్తా, పిస్తోలు. తూటాలైతే ముందే సంపాదించాను." ట్రక్కు సొరుగులోంచి ఒక డబ్బా తీసి చూపించాడు.

వెర్నా పాము మీద కాలేసినట్టు రెండడుగులు వెనక్కి వేసింది.

"పారెయ్. ముందు దాన్ని వాగులో పారెయ్."

"తూటాలేగా?"

"శిక్షపడినవాడి దగ్గర తుపాకీ దొరికినా పదిహేనే, ఒక్క తూటా దొరికినా పదిహేనే. అది నా గడపలో ఉన్నంతసేపూ నేను నీతో మాట్లాడను."

తన గురించి ఇంత బెంగపడే మనిషి దొరికిందని వేలన్‌కి ముచ్చటేసింది. వంతెన దగ్గరికి నడిచివెళ్లి డబ్బా నీళ్లలో వేసొచ్చాడు.

అప్పటికి పడమట మబ్బు పట్టింది.

"సరే, ఒక పని చేద్దాం," అంది వెర్నా. "దుకాణం రేపూ ఉంటుంది. వాన మాత్రం రేపటిదాకా ఆగదు. రేకులు వేసెయ్. వేశాక నీతో గ్లెన్ తుపాకుల దుకాణానికి వస్తాను."

"మాట తప్పవుగా?"

"దుకాణానికి వస్తానన్నాను. వస్తాను."

వేలన్ నిచ్చెనెక్కాడు. మధ్యలో ఆమె పైకే చిక్కుడు గింజల కూర, రొట్టె అందించింది. చివరి మేకు కొట్టేసరికి మొదటి చినుకు పడింది. లోపల వెర్నా పొయ్యి పక్కన నిలబడి, పైకి చూస్తూ, వాన చప్పుడు చాలాసేపు విన్నది. ఒక్క చుక్క కారలేదు.

మర్నాడు పొద్దున్నే ట్రక్కెక్కేముందు సొరుగు తెరిపించి, సీటు కింద చెయ్యి పెట్టించి వెతికించింది.

"ఒక్క తూటా కూడా లేదు అత్తా. నామీద నీకెంత ప్రేమ."

వెర్నా ట్రక్కెక్కి తలుపేసుకుంది.

గ్లెన్ దుకాణం ముందు వేలన్ ట్రక్కులోనే ఉండిపోయాడు. వెర్నా లోపలికి వెళ్లి, రెండు నిమిషాల్లో తుపాకీ కొనేవాళ్లు నింపే ఒక ఖాళీ ఫారంతో తిరిగొచ్చి పక్కన కూర్చుంది. కళ్లద్దాలు పెట్టుకుంది.

"అక్కడే నింపొచ్చుగా?"

"చదవకుండా సంతకం పెట్టను."

వేలు పెట్టి ఒక్కో మాటా చదవసాగింది. వేలన్ స్టీరింగ్ మీద వేళ్లతో దరువు వేస్తున్నాడు.

"ఈ తుపాకీని నిజంగా కొంటున్నది మీరేనా, అని ఇందులో అడుగుతున్నారు."

"అవును అని పెట్టు."

"అది అబద్ధం. ఈ కాగితం మీద అబద్ధానికే పదేళ్ల దాకా వేస్తారు."

"ఎవడు చూస్తాడు? నీ ముఖం చూస్తే గ్లెన్ కుర్చీ వేస్తాడు. అడిగినవాటికి గడుల్లో టిక్కులు పెట్టి, కింద సంతకం పడేసెయ్. అంతే."

"అచ్చం మా ఆయన మాటలే," అంది వెర్నా. ఆ ప్రశ్న వదిలేసి తర్వాతి వాటిలోకి దిగింది. ఒక చోట వేలు ఆగింది. పైకే చదివింది.

"ఏడాదికి మించి జైలుశిక్ష పడగల నేరంలో ఎప్పుడైనా దోషిగా తేలారా?"

వేలన్ విసుగ్గా కిటికీలోంచి బయటికి చూశాడు. "ఇది నాలాంటివాళ్లకి. నువ్వు 'లేదు' అని పెట్టు."

వెర్నా పెన్ను తీసి, నిదానంగా టిక్కు పెట్టి, కాగితం అతనివైపు తిప్పింది.

వేలన్ వంగి చూశాడు. "అత్తా, తప్పు గడిలో పెట్టావు. ఇది 'అవును' గడి."

"సరైన గడే, నాయనా. పోయినసారి ఆర్విల్ చూపించినచోట సంతకం పెట్టి, అతనికోసం కొన్న తుపాకీకి నాలుగేళ్లు లోపలున్నాను. అప్పటికి నాకు చదువు రాదు. నీకు చెప్పానే, నా గదికి నలభై అడుగుల దూరంలో లైబ్రరీ ఉందని, అది ఆ జైల్లోదే."