తడిసిన మూట

ఎలుకమ్మ వానాకాలానికి పిల్లల తిండని నూకలు మూటగట్టింది. ఉప్పుటేరు దాటించమని తాబేలు వీపు మీద పెట్టి, తనూ ఎక్కింది.

నడి ఏట్లో గాలివాన పట్టుకుంది. కొట్టుకుపోకుండా తాబేలు తాడు కట్టిన లంగరు రాయి వేసింది. నీళ్ళు పెరిగి, తాడు బిగిసి ముంచేసేలా ఉంటే తాబేలే దాన్ని కొరికి తెంపేసింది. తాడూ రాయీ పోయాయి, నూకలు తడిశాయి, ప్రాణాలు మాత్రం ఒడ్డెక్కాయి.

"నిన్ను బతికించడానికే గదా తెంపింది! నా తాడూ రాయీ ఇయ్యి," అంది తాబేలు.

"నీ మొహానికి తాడొకటి! నా నూకలకి నూకలు నువ్వే ఇవ్వాలి," అంది ఎలుకమ్మ.

తగువు నీటికాకి దగ్గరికెళ్ళింది. అది రెక్కలు బారజాపి ఎండకి ఆరబెట్టుకుంటా వింది. "మూట విప్పినవాళ్ళు నష్టం ఒప్పుకున్నట్టే. తీర్పయ్యేదాకా ముట్టుకోకండి," అంది.

దారినపోయే చీమ ఆగింది. "ఏవమ్మా వదినా, ఎండ కాస్తంది. ముందు నూకలు ఆరబోసుకో. తగువెక్కడికి పోద్ది?"

"విప్పితే ఓడిపోనూ?"

చీమ తన దారిన పోయింది.

పిల్లలు గుప్పెడు నూకలు అడిగాయి. "తీర్పయ్యాకే," అంది ఎలుకమ్మ. నీటికాకి రోజూ వింది, రోజూ రెక్కలు ఆరబెట్టుకుంది. ఎండలు పోయి ముసురు పట్టాక తీర్పు చెప్పింది.

"తప్పు తాబేలుదే. నూకలకి నూకలు ఇవ్వాలి."

తాబేలు ఎప్పుడో ఏట్లోకి జారుకుంది. ఎలుకమ్మ మీసాలు దువ్వుకుని మూట విప్పింది. నూకలు నల్లగా బూజుపట్టి గడ్డకట్టాయి. ఆ కంపుకి చీమలు కూడా రాలేదు.

గెలిచిన ఎలుకమ్మ ఖాళీ గుడ్డ ఇంటికి తెచ్చింది. పిల్లలు దాన్నే కొరుక్కుతిన్నాయి.