బండికి నేర్పిన గొంతు

ఆటోనగర్‌లో ముప్పయ్యేళ్లు ఇంజిన్లు విప్పిన మస్తాన్, ఇంటి ముందే తన ట్రాలీ ఆటోకి పాడైన ఇంజెక్టర్ పీకి కొత్తది బిగించాడు. స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి, పిడి చెవికి ఆనించి, "తాళం తిప్పు," అన్నాడు భార్యతో.

జాన్‌బీ తిప్పింది. ఇంజిన్ పలకలేదు, బండి పలికింది.

"ఎవరు పడితే వాళ్లు చెయ్యి పెడితే ఎట్టాగన్నా? ఇది తెలిసినోళ్ల పని. కంపెనీ షెడ్డుకి తీసుకురా."

బండ్లు మాట్లాడటం జాన్‌బీకి కొత్తేం కాదు. "ఆ గొంతు నీదేగా?" అంది.

ఆరేళ్ల కిందట కంపెనీవాళ్లు నెల రోజులు పక్కనే కూర్చుని అతని పనినంతా, మాటతో సహా, బండ్లకి నేర్పించుకున్నారు. వెళ్తూ శాలువా కప్పారు. మస్తాన్ ఇప్పుడు చేతుల జిడ్డు దాంతోనే తుడుచుకుంటున్నాడు.

"నీకు పని నేర్పిన మస్తాన్‌ని నేనేరా," అన్నాడు బండితో.

"అందరూ అదే మాటంటారన్నా," అంది బండి, అతని గొంతుతోనే.